డిగ్రీలో జర్మన్ మేజర్: సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్ళు ఎక్కడ తడబడతారు?

ఖమ్మం_కుర్రాడు:

ఇంటర్ ఎంఈసీ అయిపోయింది. తార్నాక ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) బీఏ ఆనర్స్ జర్మన్ గానీ, ఢిల్లీ జేఎన్‌యూలో గానీ చేరదామని ఉంది. జర్మన్ ఒక్క ముక్క కూడా రాదు. ఇంట్లోవాళ్ళేమో "బీకాం చేస్తూ సాయంత్రాలు భాష నేర్చుకోవచ్చుగా, దానికోసం మూడేళ్ళ డిగ్రీ దేనికి?" అంటున్నారు.

తెలిసినవాళ్ళు ఇవి చెప్పగలరా? అక్షరాల నుంచి మొదలుపెట్టినవాడు క్లాసులో నెగ్గుకురాగలడా? మేజర్‌లో నిజంగా ఏం చెబుతారు? జనం ఎక్కడ ఆగిపోతారు, ఎందుకు? తెలుగు మీడియంలో పదో తరగతి చదివాను, ఇంగ్లిష్ అంతంతమాత్రం. అది పెద్ద అడ్డంకి అవుతుందా?

మూడో_సెమ్:

అక్షరాల నుంచి మొదలుపెట్టడం ఇబ్బందేమీ కాదు. ఈ డిగ్రీ తయారుచేసిందే అలాంటివాళ్ళ కోసం. ఇబ్బంది వచ్చేది మూడో సెమిస్టర్‌లో.

పేపర్ల పేర్లు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటాయి గానీ నడక ఇంచుమించు ఒకటే. మొదటి రెండు సెమిస్టర్లూ భాషే: వ్యాకరణం, చదవడం, వినడం, మాట్లాడటం. యూరప్ కొలమానంలో (ఏ1 అట్టడుగు మెట్టు, తరవాత ఏ2, బి1, బి2, సి1, అన్నిటికన్నా పైన సి2) చెప్పాలంటే ఏ1, ఏ2, బి1లో కొంత. మూడు, నాలుగులో భాషతోపాటు లాండెస్‌కుండె మొదలవుతుంది. ఆ దేశం గురించిన చదువు అన్నమాట: 1949లో రెండు జర్మనీలు ఏర్పడటం, 1989లో బెర్లిన్ గోడ కూలడం, 1990లో రెండూ ఒకటవడం, 16 రాష్ట్రాల వ్యవస్థ. చిన్న కథలు, కవితలు కూడా అప్పుడే వస్తాయి. చివరి ఏడాది సాహిత్య చరిత్ర, భాషాశాస్త్రం, అనువాదం. ఆ దశలో పాఠం చెప్పేదీ జర్మన్‌లోనే, పరీక్ష రాసేదీ జర్మన్‌లోనే.

ఇప్పుడు లెక్క చూడండి. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్ 45 నిమిషాల పీరియడ్లలో ఇచ్చే అంచనా ఇలా ఉంటుంది: ఏ1కి 80 నుంచి 200, బి1కి మొత్తం 350 నుంచి 650, బి2కి 600 నుంచి 800, సి1కి 800 నుంచి 1,000. వారానికి 12 గంటల భాషా క్లాసులు, 15 వారాలు అనుకుంటే సెమిస్టర్‌కి 180 గంటలు, అంటే 240 పీరియడ్లు. రెండు సెమిస్టర్లకి 480. కాగితం మీద బి1 మధ్యలో ఉన్నట్టే. కానీ క్లాసులో 30 మంది ఉంటే 45 నిమిషాల్లో ఒక్కొక్కరి నోటికి దక్కేది నిమిషంన్నర. పండగలు, పరీక్షలు, ఫెస్టులు తీసేస్తే అదీ ఉండదు. కాబట్టి మూడో సెమిస్టర్‌లో అడుగుపెట్టే చాలామంది నిజానికి ఏ2లో ఉంటారు. చేతికిచ్చే కథేమో బి1 దాటినవాళ్ళ కోసం.

అక్కడ కొట్టే దెబ్బ ఒకటుంది, దాని గురించి ముందుగా ఎవరూ చెప్పరు. మొదటి ఏడాది జరిగిపోయిన సంగతి చెప్పడానికి పెర్ఫెక్ట్ రూపం నేర్పుతారు, మాటల్లో వాడేది అదే గనక. "ఇష్ బిన్ గెగాంగెన్", నేను వెళ్ళాను. కథల్లో, చరిత్ర పుస్తకాల్లో నడిచేది ప్రెటెరిటుమ్ అనే ఇంకో భూతకాల రూపం. అక్కడ "గెగాంగెన్" కనిపించదు, "గింగ్" కనిపిస్తుంది. "త్సోగ్" అనే రూపం చూసి దాని మూలం "త్సీయెన్" అని ఊహించడం కొత్తవాడి తరం కాదు. పైగా విడిపోయే క్రియలు: "ఐన్‌లాడెన్" అంటే ఆహ్వానించడం. వాక్యంలోకి వచ్చేసరికి "లూడ్" రెండో స్థానంలోనూ "ఐన్" మూడు లైన్ల తరవాత చివర్లోనూ ఉంటాయి. "లూడ్" ఒక్కదాన్నే పట్టుకుని నిఘంటువు చూస్తే "సరుకు ఎక్కించాడు" అని వస్తుంది. కథలో పెళ్ళికి పిలిచినవాడు లారీకి లోడు ఎక్కించినవాడైపోతాడు.

దీనికి మందు ముందుగానే వేసుకోవాలి. ఇలా రూపం మారే క్రియలు వాడుకలో 170 దాకా ఉన్నాయి. రెండో సెమిస్టర్ మొదట్లోనే రోజుకి 5 చొప్పున మూడు రూపాలూ కలిపి (గేయెన్, గింగ్, గెగాంగెన్) బట్టీ పట్టండి. ఎక్కాల్లాగే, పైకి చదువుతూ. 35 రోజుల పని. ఇది చేసినవాడికీ చేయనివాడికీ మూడో సెమిస్టర్‌లో కనిపించే తేడా తెలివితేటల తేడాలా ఉంటుంది, కాదు.

అజంతం:

ఇంగ్లిష్ అంతంతమాత్రమే అన్నారు. మొదటి నెలల్లో టీచర్ వివరణ ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి కొంచెం కష్టం, అంతే. ఆ తరవాత తెలుగే ఎక్కువ పనికొస్తుంది. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు, జర్మన్ వాక్యం ఇంగ్లిష్ వాక్యంకన్నా మన వాక్యానికి దగ్గరగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి.

"నాకు చలేస్తోంది." ఇంగ్లిష్ మీదుగా వెళ్ళినవాడు "ఇష్ బిన్ కాల్ట్" అంటాడు. దానికి అర్థం నేను చల్లని మనిషిని, అంటే మనసు లేనివాణ్ణి అని. జర్మన్ వాక్యం "మీర్ ఇస్ట్ కాల్ట్". "మీర్" అంటే "నాకు". "నాకు నచ్చింది" అన్నా అంతే, "ఎస్ గెఫెల్ట్ మీర్". అనుభవం ఎవరికి కలిగిందో వాళ్ళని కర్తగా నిలబెట్టకుండా "కి, కు" తగిలించడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్ని వదులుకుని ఇంగ్లిష్‌లోంచి ఆలోచించడం ఎందుకు?

క్రియ చోటు కూడా చూడండి. ఉపవాక్యంలో జర్మన్ క్రియ చివరికి పోతుంది. "వైల్ ఇష్ హోయ్‌టె కైనె త్సైట్ హాబె", ఎందుకంటే నాకు ఇవాళ టైం లేదు. "లేదు" ఎక్కడుందో "హాబె" అక్కడే. ప్రధాన వాక్యంలో మాత్రం రూపం మారే క్రియ రెండో స్థానంలో కూర్చుంటుంది, మిగతాది చివర్లో ఉంటుంది. "నిన్న నేను ఒక పుస్తకం చదివాను": "గెస్టర్న్ హాబె ఇష్ ఐన్ బూఖ్ గెలేజెన్". తెలుగు వరస అలాగే ఉంచి "హాబె"ని రెండో స్థానంలో దూర్చారు, అంతే. ఇంగ్లిష్ వరస అలవాటైనవాళ్ళు "గెస్టర్న్ ఇష్ హాబె" అని రాసి ఎర్ర సిరా కొనితెచ్చుకుంటారు.

మూడో సంగతి చివరి ఏడాదిలో అక్కరకొస్తుంది. పత్రికల్లో, పరిశోధన వ్యాసాల్లో నామవాచకం ముందు ఒక పొడుగాటి మూట ఉంటుంది: "డేర్ గెస్టర్న్ ఫోన్ మీర్ గెలేజెనె రోమాన్". ఇంగ్లిష్ దారిలో వచ్చినవాళ్ళు దీన్ని వెనక నుంచి ముందుకి విప్పుకోవాలి. మనకి విప్పే పనే లేదు. "నిన్న నేను చదివిన నవల." స్కూల్లో క్రియాజన్య విశేషణం అని చెప్పారే, అదే ఇది.

ఉచ్చారణలో మనకి ఉన్న లాభాలు, నష్టాలు రెండూ చెబుతా. ఇంగ్లిష్ జెడ్ అక్షరం జర్మన్‌లో "త్స" పలుకుతుంది. అది మనకి వచ్చు. "చేప"లో చ వేరు, "చాప"లో చ వేరు కదా. ఆ చాపలో చ. "త్సైట్" అంటే సమయం. హ్రస్వ, దీర్ఘాల తేడా కూడా మన చెవికి కొత్త కాదు: "ష్టాట్" రాజ్యం, "ష్టట్" నగరం.

నష్టం ఎక్కడంటే, మనది అచ్చులతో ముగిసే భాష. హల్లు మీద మాట ఆగితే నాలుక ఊరుకోదు, చివర ఒక "ఉ" వచ్చి చేరుతుంది. "హెర్ప్‌స్ట్" (శరదృతువు) రెండు మూడు అచ్చులతో "హెర్బుస్టు" అవుతుంది. పరిష్కారం చాదస్తంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది: మాటని వెనక నుంచి కట్టాలి. ముందు "స్ట్", తరవాత "ప్‌స్ట్", తరవాత "ర్ప్‌స్ట్", ఆఖరికి "హెర్ప్‌స్ట్". చివర అరచేతిని నోటి ముందు పెట్టుకుంటే గాలి మాత్రమే తగలాలి, గొంతు మోగకూడదు. అలాగే మాట చివర గ, ద, బ గట్టిపడి క, ట, ప అవుతాయి. రాసేది "టాగ్", పలికేది "టాక్".

యు మీద రెండు చుక్కలున్న అచ్చు మన దగ్గర లేదు. "ఈ" అంటూ ఉండండి, నాలుకని కదపకుండా పెదాలు మాత్రం "ఊ"కి చుట్టండి. వచ్చేది అదే. ఓ మీద చుక్కలుంటే "ఏ" అంటూ పెదాలు "ఓ"కి. అద్దం ముందు రోజుకి ఐదు నిమిషాలు, రెండు వారాలు. ఇది మొదటి నెలలో కుదరకపోతే తరవాత కుదర్చడం చాలా కష్టం, ఎందుకంటే అప్పటికి తప్పు ఉచ్చారణతో వెయ్యి మాటలు నోట్లో స్థిరపడిపోయి ఉంటాయి.

కి_కు_యొక్క:

పై రిప్లైతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. జర్మన్‌లో విభక్తులు నాలుగు: నోమినాటివ్, జెనిటివ్, డాటివ్, అకుజాటివ్. వీటిని మన విభక్తుల నంబర్లతో జత చేయకండి. మన పట్టికలో "కొఱకు, కై" చతుర్థి అని రాసి, అసలు పనంతా చేసే "కి, కు"లని "యొక్క, లో, లోపల"తో కలిపి షష్ఠిలో పెట్టారు. డాటివ్ అంటే చతుర్థి అని సంస్కృతం పుస్తకం చెబుతుంది, ఆ లెక్కన తెలుగు పట్టిక చూస్తే దారి తప్పుతారు. నంబర్లు వదిలేసి ప్రత్యయం చూడండి: "ని, ను" ఉంటే అకుజాటివ్, "కి, కు" ఉంటే డాటివ్.

ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో కూడా తెలియాలి. అతనికి సాయం చేశాను (హెల్ఫెన్), అతనికి జవాబిచ్చాను (ఆంట్‌వోర్టెన్), నీకు కృతజ్ఞతలు (డాంకెన్), ఇది నాకు చెందినది (గెహోరెన్): అన్నీ డాటివ్, తెలుగు చెప్పినట్టే. అతన్ని అడిగాను (ఫ్రాగెన్), అతన్ని కలిశాను (ట్రెఫెన్), ఆమెని పెళ్ళి చేసుకున్నాడు (హైరాటెన్): అకుజాటివ్, ఇవీ సరే.

మోసం చేసేవి ఇవి. "అతనికి ఫోన్ చేశాను" అంటాం, జర్మన్‌లో ఆన్‌రూఫెన్‌కి అకుజాటివ్. "అతన్ని అనుసరించాను" అంటాం, ఫోల్గెన్‌కి డాటివ్. "నాకు తమ్ముడున్నాడు", "నాకు డబ్బు కావాలి", "నాకు తెలుసు" అనే మూడింటిలో మనకి "నాకు", జర్మన్‌లో మూడింటికీ "ఇష్" అనే కర్త: హాబెన్, బ్రౌఖెన్, విసెన్. ఈ జాబితా పెద్దదేమీ కాదు. నోట్‌బుక్ చివరి పేజీలో "తెలుగు కుదరని క్రియలు" అని పెట్టుకుని కనిపించినప్పుడల్లా రాసుకుంటూ పోతే ఏడాదికి ఒక పేజీ నిండుతుంది.

ఇంకోటి, పైన రాలేదు. "నిన్న వచ్చిన మనిషి" అని మనం నామవాచకానికి ముందు చెప్పేదాన్ని మామూలు జర్మన్‌లో ఎక్కువగా తరవాత చెబుతారు, "డేర్ మాన్, డేర్ గెస్టర్న్ కామ్" అని. ఆ రెండో "డేర్"కి లింగం ముందున్న మాట నుంచి, విభక్తి లోపలి వాక్యం నుంచి వస్తుంది. ఇక్కడ తెలుగు సాయం చేయదు. మన దగ్గర సంబంధం చెప్పే సర్వనామమే అక్కర్లేదు కాబట్టి ఎవరు ఎవరిని అన్నది సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాం. ఈ పాఠానికి రెండు వారాలు అదనంగా కేటాయించండి.

ఖమ్మం_కుర్రాడు:

చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. డేర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డస్ (నపుంసకం) అనే ఆర్టికల్స్‌లో ఏది దేనికో ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఏ మాటకామాట బట్టీయేనా? యూనివర్సిటీ మార్కులు ఉండగా గోథె పరీక్షలు వేరే రాయాలా?

మూడో_సెమ్:

మొదటిదానికి: సగం బట్టీ, సగం తోకలు. మాట చివర ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, త్సియోన్ ఉంటే డీ. షెన్, లైన్ అనే చిన్నతనం చూపే తోకలుంటే డస్. లింగ్, ఇస్ముస్ ఉంటే డేర్. రెండు మూడు మాటలు అతికిన సమాసంలో ఆఖరి మాటదే పెత్తనం. చదువు ముందుకి పోయేకొద్దీ వచ్చే మాటలు ఎక్కువగా ఈ తోకలున్నవే కాబట్టి బట్టీ భారం తగ్గుతూ వస్తుంది. మొదటి ఏడాది మాటలకే (బల్ల, కుర్చీ, చెంచా) గుర్తులు ఉండవు. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. కారణం అడక్కండి.

"మేట్‌షెన్" అంటే అమ్మాయి, అది డస్. దీనికి ఇంగ్లిష్‌వాళ్ళు తెగ ఆశ్చర్యపోతుంటారు. "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" అని రెండింటికీ ఒకే క్రియ వాడే మనం ఆశ్చర్యపోనక్కర్లేదు.

కార్డులు రాసేటప్పుడు మాట ఒక్కటే రాయొద్దు. ఆర్టికల్, ఏకవచనం, బహువచనం, ఒక చిన్న వాక్యం, నాలుగూ ఉండాలి. రోజుకి 12 నుంచి 15 కొత్త కార్డులు చాలు. 40 పెట్టుకుంటే నాలుగో రోజున పాతవి 120 మళ్ళీ చూడాల్సి వచ్చి ఐదో రోజున డబ్బా మూసేస్తారు. "డేర్ ష్టూడెంట్" లాంటి కొన్ని పుంలింగాలు కర్తగా కాక ఇంకెలా వచ్చినా "ష్టూడెంటెన్" అవుతాయి. వాటి కార్డుకి మూల ఎర్ర చుక్క పెట్టండి. సి1 దగ్గర కూడా పొరపాటు జరిగేది వీటిలోనే.

ఎర్రసిరా:

గోథె పరీక్ష సంగతి. డిగ్రీ మార్కుల లిస్టు చూసి మీకు ఏ స్థాయి వచ్చో కంపెనీకి గానీ విదేశీ యూనివర్సిటీకి గానీ అర్థం కాదు. బి2 సర్టిఫికెట్ ఒక్కటి చూపిస్తే అర్థమవుతుంది. కాబట్టి రాయాలి. అన్నీ రాయక్కర్లేదు. ఏ1, ఏ2 వదిలేయండి, మేజర్ విద్యార్థికి వాటి మీద డబ్బు దండగ. నాలుగో సెమిస్టర్ అయ్యాక బి1 గానీ, ధైర్యం ఉంటే నేరుగా బి2 గానీ రాయండి. బి2 రాయడానికి బి1 ఉండాలన్న షరతు లేదు. హైదరాబాద్‌లో గోథె సెంట్రుమ్ ఉంది. చెన్నై, బెంగళూరు, పుణె, ముంబయి, కోల్‌కతా, ఢిల్లీల్లో మాక్స్‌ముల్లర్ భవన్లున్నాయి, ఇండియాలో గోథె ఇన్‌స్టిట్యూట్ శాఖల పేరు అది. (ఇండియా గురించి అంత రాసిన మాక్స్‌ముల్లర్ ఇండియాలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు, అది వేరే కథ.) సీట్లు తెరిచిన రోజే నిండిపోవడం మామూలు, అందుకని తేదీలు రెండు మూడు నెలల ముందే చూసుకోండి.

బి1, బి2 రెండింటిలో నాలుగు భాగాలు: చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం. ఒక్కో భాగానికి 100, పాసవ్వాలంటే 60. ఒక భాగం పోతే ఆ ఒక్కటే మళ్ళీ కట్టి రాయొచ్చు. చదవడానికి 65 నిమిషాలు, వినడానికి 40. మన పిల్లలకి ఎక్కువగా పోయేది రాయడం. బి1లో గంటలో మూడు రాయాలి: స్నేహితుడికి 80 మాటల మెయిలు, ఒక చర్చలో 80 మాటల అభిప్రాయం, పెద్దమనిషికి 40 మాటల మర్యాద మెయిలు. బి2లో 75 నిమిషాల్లో 150 మాటల అభిప్రాయం, 100 మాటల అధికారిక సందేశం.

మార్కులు పోయేది వ్యాకరణం వల్లే అనుకుంటారు. అసలు పోయేవి ఇవి. ప్రశ్నలో ఇచ్చిన పాయింట్లలో ఒకటి మరిచిపోవడం. "డూ" (నువ్వు) తో మొదలుపెట్టి మధ్యలో "జీ" (మీరు) లోకి జారిపోవడం. సంబోధన తరవాత కామా పెట్టి, కింది లైను పెద్ద అక్షరంతో మొదలుపెట్టడం: అది ఇంగ్లిష్ అలవాటు, జర్మన్‌లో కామా తరవాత చిన్న అక్షరమే (నామవాచకమైతే తప్ప, వాటన్నిటికీ ఎప్పుడూ పెద్ద అక్షరమే). చివర శుభాకాంక్షల తరవాత మాత్రం కామా పెట్టరు, అక్కడ మనం పెడతాం. ఇవి ఒక్కసారి చెబితే పోయే తప్పులు, కానీ చెప్పేవాళ్ళు లేక ఫైనలియర్ దాకా ఉంటాయి.

సాధన ఎలాగంటే, వారానికి మూడు రోజులు, గడియారం పెట్టుకుని 20 నిమిషాల్లో 80 మాటలు. నిఘంటువు లేకుండా. రాశాక నాలుగు సార్లు చదవాలి, ఒక్కోసారి ఒక్కటే వెతకాలి: మొదటిసారి క్రియ చోటు, రెండోసారి క్రియ చివర్లు, మూడోసారి విభక్తులు, నాలుగోసారి పెద్ద అక్షరాలు. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు. ఆ తరవాతే టీచర్‌కి గానీ సీనియర్‌కి గానీ చూపించండి. దిద్దడానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నిజమే. అవి తప్పు చూపించకుండా వాక్యాన్నే అందంగా మార్చేస్తాయి, పరీక్ష హాల్లో ఆ అందం ఉండదు.

వినడానికి జర్మనీ ప్రసార సంస్థ డాయ్‌చె వెల్లె ఇచ్చే నెమ్మది వార్తలున్నాయి, మాటలు కూడా పక్కనే రాసి ఉంటాయి. ముందు చూడకుండా విని, తరవాత చూస్తూ విని, మూడోసారి దానితోపాటు పైకి చదవండి. ఏ2లో అది కూడా కష్టమనిపిస్తే డాయ్‌చ్‌లాండ్‌ఫుంక్ రేడియోవాళ్ళు తేలిక భాషలో ఇచ్చే వార్తలతో మొదలుపెట్టండి.

బీకాం_పక్షం:

ఇంట్లోవాళ్ళ మాట అంత కొట్టిపారేయాల్సింది కాదు, అందుకని ఆ వైపు కూడా చెబుతున్నా.

హైదరాబాద్‌లో జర్మన్ అడిగే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం కస్టమర్ సపోర్ట్, ఫైనాన్స్ షేర్డ్ సర్వీసులు, కంటెంట్ పరిశీలన, లోకలైజేషన్. వాటికి బి2 చాలు, కొన్నిటికి సి1. ఇన్వాయిస్‌లు చూసే పనిలో బీకాం ప్లస్ బి2 ఉన్నవాడు బీఏ జర్మన్ కన్నా ముందుంటాడు, అకౌంట్స్ తెలుసు గనక. మీ లక్ష్యం ఇదొక్కటే అయితే మేజర్ అక్కర్లేదు. కానీ షరతు: బీకాంతో పాటు సాయంత్రం క్లాసులు వారానికి 6 గంటలు అనుకుంటే బి2కి కావలసిన 600 పైచిలుకు పీరియడ్లకి దాదాపు 80 వారాలు, మధ్యలో ఎగ్గొట్టకుండా. చేరేవాళ్ళలో చాలామంది ఏ2 దగ్గర మానేస్తారు. మేజర్ పెద్ద లాభం అక్కడే, మానేయడానికి వీలుండదు.

మేజరే కావాల్సిన దారులు వేరే: టీచింగ్, అనువాదం, పరిశోధన. ఎంఏ తరవాత జర్మన్‌లో యూజీసీ నెట్ ఉంది. స్కూల్ ఉద్యోగాలు మాత్రం భాషా విధానం గాలిని బట్టి ఊగుతాయి. కేంద్రీయ విద్యాలయాల్లో 2011లో మూడో భాషగా వచ్చిన జర్మన్‌ని 2014లో తీసేసి సంస్కృతం పెట్టారు, గుర్తుంచుకోండి. ఇప్పుడు గిరాకీ పెరుగుతున్నది నర్సులకి నేర్పేచోట. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకి భాష నేర్పించి జర్మనీ పంపుతోంది. అక్కడ కావలసింది బి1, బి2 దాకా చెప్పగల టీచర్. సాహిత్యం కాదు, ఆసుపత్రి భాష. డిగ్రీతోపాటు గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ టీచర్ శిక్షణ (డీఎల్‌ఎల్ అంటారు) చేసి ఉంటే పనికొస్తుంది.

"ఇంటర్ అవగానే జర్మనీ వెళ్ళి అక్కడే గెర్మనిస్టిక్ (జర్మన్ భాషాసాహిత్యాలు) చదువుతా" అని కొందరంటారు. మన ఇంటర్ ఒక్కటే ఉంటే మామూలుగా నేరుగా సీటు రాదు. ష్టూడియెన్‌కోలెగ్ అనే సన్నాహక కోర్సులో ఒక ఏడాది చదివి అర్హత పరీక్ష రాయాలి, లేదా ఇక్కడ గుర్తింపు ఉన్న డిగ్రీలో కనీసం మొదటి ఏడాది పాసై అదే సబ్జెక్టుకి అప్లై చేయాలి. బీఏ అయ్యాక ఎంఏకి వెళ్ళడం నయం. అక్కడ డాఫ్ అని ఒక శాఖ ఉంది, జర్మన్‌ని విదేశీ భాషగా బోధించే చదువు. లైప్‌త్సిగ్ యూనివర్సిటీలోని హెర్డర్ ఇన్‌స్టిట్యూట్ దానికి పేరుపడ్డది. మనలాంటి నేపథ్యం ఉన్నవాళ్ళకి గెర్మనిస్టిక్ కన్నా అదే నప్పుతుంది, నా ఉద్దేశంలో. భాషకి యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలు రెండున్నాయి, వాటిలో డీఎస్‌హెచ్ అయితే రెండో స్థాయి (డీఎస్‌హెచ్-2) గానీ, టెస్ట్‌డాఫ్ అయితే నాలుగు భాగాల్లోనూ 4 గానీ మామూలుగా అడుగుతారు, ఈ శాఖల్లో కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ.

వీసాకి మన దేశంవాళ్ళకి 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలువేనని తేల్చేది) తప్పనిసరి. అది చేతికొచ్చేదాకా అపాయింట్‌మెంట్ గురించి ఆలోచించకండి, మార్కుల మెమోల మీద పేర్లు, తండ్రి ఇంటిపేరు తేడాలు ఉంటే ముందే సరిచేయించుకోండి. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ఒక మెమోలో ముందు, ఒకదాంట్లో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో చివర ఉంటుంది. బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే వేసిన డబ్బుని నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, 2024 సెప్టెంబర్ నుంచి ఉన్న మొత్తం ఇది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటివాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు.

అజంతం:

పరిశోధన మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు మన నేల మీద పడలేదు, జర్మనీలోని హాలె ఊళ్ళో 1746, 47ల్లో పడ్డాయి. చేసినవాడు బెంజమిన్ షుల్ట్‌సె అనే పాదరీ. 1728లోనే తెలుగు వ్యాకరణం రాశాడు, అదీ లాటిన్‌లో. ఆ మిషన్ కాగితాలు ఇప్పటికీ హాలెలోని ఫ్రాంకె సంస్థల దగ్గర ఉన్నాయి. తెలుగూ జర్మనూ రెండూ చదవగలిగినవాళ్ళకి అక్కడ పని ఉంది. అయితే పద్దెనిమిదో శతాబ్దపు చేతిరాత, ఫ్రాక్టూర్ అనే పాత ముద్రాక్షరం చదవడం ఎంఏలో విడిగా నేర్చుకోవాలి. అక్కడి ఎస్ అక్షరం ఎఫ్‌లా కనిపిస్తుంది.

ఎర్రసిరా:

పాత అక్షరాలంటే గుర్తొచ్చింది. లైబ్రరీలో పుస్తకం తీసేటప్పుడు అచ్చయిన ఏడాది చూడండి. 1996 నాటి వర్ణక్రమ సంస్కరణకి ముందువాటిలో "డస్" (అని, అనే) అన్న సంయోజకాన్ని చివర బి లాంటి ఆ ఒంటి అక్షరంతో రాసేవారు. ఇప్పుడు రెండు ఎస్‌లు. కథ చదువుకోవడానికి పాతదైనా పర్లేదు, వ్యాకరణం పుస్తకం మాత్రం 2006 తరవాతిదే తీసుకోండి, నియమాలు అప్పుడు మళ్ళీ సవరించారు. ఆర్టికల్ "డస్"కి ఒక్క ఎస్సే, అది అప్పుడూ ఇప్పుడూ మారలేదు.